ముప్పయ్యో ఇంటి బ్రెడ్డు ముక్క

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. అక్కా, మీరూ, మీ మోకాలూ క్షేమమని తలుస్తాను. ఫోనులో అన్న మాటకి రుజువుండదని మీరు ఫోనెత్తడం మానేసి తొమ్మిదేళ్ళయింది కాబట్టి ఈ ఉత్తరం.

మీ వల్ల ఒక సాయం కావాలి. ఆరేళ్ళుగా మా ప్రయోగశాలలో నేనూ, ఇద్దరమ్మాయిలూ ఒక ప్లాస్టిక్ పొర మీద పనిచేస్తున్నాం. అందులో చుట్టిన తిండికి బూజు ఆలస్యంగా పడుతుంది. ప్రయోగశాలలో పెట్టిన పరీక్షలన్నీ నెగ్గింది. ఇప్పుడు మామూలు ఇళ్ళలో, మామూలు వంటింటి అరల్లో నెగ్గాలి. ముప్పై ఇళ్ళు ఎంచుకున్నాం. ముప్పయ్యోది మీది.

ఈ కవరుతో రెండు సంచులు పంపుతున్నాను. ఒకటి మా మందు పూసింది, ఇంకోటి ఉత్తది. ఏది ఏదో చెప్పను. చెబితే చూసే కన్ను మారిపోతుంది. వాటి మీద అంకెలు మాత్రం ఉంటాయి: ఏడు, ఎనిమిది. ఒక్కోదాంట్లో ఒక్కో బ్రెడ్డు ముక్క పెట్టి, మూతి మడిచి, క్లిప్పు బిగించి, పక్కపక్కనే అరలో ఉంచండి. మళ్ళీ తెరవకూడదు. రోజూ పొద్దున చూసి, మొదటి మచ్చ ఏ రోజు కనబడిందో రాసి పంపండి. అంతే.

వచ్చే నెలాఖరుకి ఒక పెద్ద రొట్టెల కంపెనీ నుంచి నాణ్యత చూసే ఆవిడ వస్తుంది. ఆవిడ సంతకం పెడితే మా పొర బజారులోకి వెళుతుంది. పెట్టకపోతే మా గదిని చెత్తసంచుల విభాగానికి ఇచ్చేస్తామని పైవాళ్ళు ముందే చెప్పారు. గదితోపాటు మా ముగ్గుర్నీ కూడా.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. బ్రెడ్డు తినకూడదు. ఈ మాట అన్ని ఇళ్ళకీ రాశాను, మిమ్మల్ని ఉద్దేశించి కాదు.

---

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు. మీ అక్క రాయమంది కాబట్టి రాశాను.

ఇక్కడ క్షేమం. మోకాలు అచ్చం నీలాగే ఉంది. అవసరమైనప్పుడు వంగదు, అవసరం లేనప్పుడు కిర్రుమంటుంది.

నీ సంచులు అందాయి. ముప్పై ఇళ్ళలో నాది ముప్పయ్యోది అన్నావు. అంటే నాకంటే ముందు నీకు ఇరవై తొమ్మిది ఇళ్ళు గుర్తొచ్చాయన్నమాట. పోనీలే. అచ్చాఫీసులో ముప్పై ఎనిమిదేళ్ళు ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఇంకొకడి తప్పు మీద నా కన్ను వాలినంత తొందరగా ఈగ కూడా వాలదు. ఈ పనికి నన్ను మించినవాడు నీకు దొరకడు.

అయితే ఒప్పుకునే ముందు ఒక సంగతి. ఇరవై రెండేళ్ళ క్రితం నా వ్యాసాల పుస్తకం అచ్చయింది. మూడు వందల కాపీలు వేయించాను. మొట్టమొదటిది తెచ్చి నీ చేతిలో పెట్టాను. నువ్వు దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో రుద్ది, "అట్ట బాగుంది బావా" అన్నావు. తొమ్మిదేళ్ళ చదువు, నాలుగేళ్ళ రాత. అట్ట బాగుంది! ఒక సమీక్షకుడు "శ్రమ కనిపిస్తోంది" అని రాశాడు. శ్రమ గాడిదలో కూడా కనిపిస్తుంది. అయినా అతన్ని క్షమించాను, ఎందుకంటే అతను పోయాడు. నువ్వింకా ఉన్నావు.

ఆ పొర ఎలా చేస్తారో వివరంగా రాయి. లోపల ఏముందో చూడకుండా తీర్పు చెప్పడం నీ పద్ధతి, నాది కాదు.

ఇట్లు,
మీ అక్క మొగుడు

తా.క. సంచి మీద ఏడంకె వంకరగా ఉంది. దిద్ది పెట్టాను.

---

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. తగిలింది కూడా.

అడిగారు కాబట్టి చెబుతాను. ప్లాస్టిక్ పొరకి ఒక గుణం ఉంది: దాని మీద ఏదీ అంటుకోదు. ఏ మందు పూసినా నీటిబొట్లలా ముద్దలు కట్టి జారిపోతుంది. అందుకని ముందు ఆ పొరని కరెంటు మెరుపుల కింద నుంచి లాగుతాం. చిటపటమని సన్నటి నీలం వెలుగు వస్తుంది. దాంతో పైభాగం కంటికి ఆననంత గరుకుగా మారి, పట్టు వస్తుంది. అప్పుడు రొయ్యల పొట్టు నుంచి తీసిన ఒక పదార్థాన్ని పలచగా పూస్తాం. అది పొరని పట్టుకుని ఉండిపోతుంది. బూజు వచ్చి దాన్ని తాకితే ఎదగలేదు. మొదటి మూడేళ్ళూ ఆ పూత రెండో రోజుకే పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయేది. మెరుపు ఎంతసేపు తగలాలో తేల్చుకోవడానికే నాలుగో ఏడు పట్టింది.

ఇందులో అద్భుతాలేం లేవు. ఉత్త సంచి కంటే రెండు రోజులు ఎక్కువ ఆపుతుంది. ఆ రెండు రోజుల కోసమే ఆరేళ్ళు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఇంత శ్రద్ధగా అడిగింది మీరొక్కరే. మిగతా ఇళ్ళవాళ్ళు "బ్రెడ్డు మీరిస్తారా, మేం కొనుక్కోవాలా" అని మాత్రం అడిగారు.

---

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు. ఈసారి మనస్ఫూర్తిగా.

ఏదీ అంటుకోని పొర అని నువ్వు రాస్తే మీ వంశం గుర్తొచ్చింది. మీ నాన్నగారికి ఎన్ని మంచిమాటలు చెప్పినా ఇలాగే జారిపోయేవి. ఆయన్ని కూడా ఒకసారి మెరుపుల కింద నుంచి లాగి ఉండాల్సింది.

ఇక ఫలితం. గుండె దిటవు చేసుకుని చదువు. ఏడో నంబరు సంచిలో మూడో రోజుకే మచ్చ పడింది. ఐదో రోజుకి ముక్క ముక్కంతా నల్లబడింది. ఎనిమిదో నంబరులో తొమ్మిదో రోజున గాని మొదటి మచ్చ రాలేదు, అదీ ఆవగింజంత.

ఏది ఏదో నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. ఏడు మసకగా ఉంది, ఎనిమిది అద్దంలా ఉంది. దేంట్లోనైనా ఏదైనా కలిపితే ముందు తేటదనం పోతుంది. వచనంలో ఎన్నిసార్లు చూడలేదు! కాబట్టి నీ మందు సంచి ఏడు. అంటే నీ ఆరేళ్ళ పని మూడు రోజులు కూడా నిలవలేదు. ఉత్త ప్లాస్టిక్కే నయం.

చాలా విచారిస్తున్నాను. ఈ వాక్యం రాస్తున్నప్పుడు నవ్వొచ్చిన మాట నిజమే గాని, విచారం కూడా ఉంది.

ఇట్లు,
మీ అక్క మొగుడు

తా.క. అయినా పొర బాగుంది.

రెండో తా.క. చెత్తసంచులు కూడా సమాజానికి అవసరమే.

---

బావగారికి సాష్టాంగ నమస్కారాలు!

మీ ఉత్తరం చదివి మా అమ్మాయిలిద్దరూ గదిలో గెంతారు. ఏడు ఉత్తది! ఎనిమిదే మాది! ఉత్త సంచులు వేరే చుట్ట నుంచి కోశాం, అందుకే ఆ మసక.

మిగతా ఇరవై తొమ్మిది ఇళ్ళలో ఉత్త సంచికి ఐదు రోజులు, మాదానికి ఏడు. మేం అనుకున్న రెండు రోజుల తేడాయే. మీ ఇంట్లో మాత్రం మూడూ, తొమ్మిదీ! ఆ రొట్టెల కంపెనీ ఆవిడకి పట్టిక పంపితే, మీ వరస దగ్గర ఎర్రసిరాతో సున్నా చుట్టి, "సంతకం తరవాత సంగతి, ముందు ఈ ఇల్లు నేను చూడాలి" అని రాసింది. అంటే మీ ఇంటి మీద ఎంత గురి కుదిరిందో చూడండి.

అందుకని మీ ఇంట్లోనే రెండో విడత. కొత్త సంచులు పంపుతున్నాను, ముప్పై ఒకటీ, ముప్పై రెండూ. ఈ నెల ఇరవై ఐదున ఆవిడ స్వయంగా మీ ఇంటికి వచ్చి చూస్తుంది. మా గది, మా ఉద్యోగాలు అన్నీ ఇప్పుడు మీ వంటింటి అరలో ఉన్నాయి బావగారూ.

ఇట్లు,
మీ రుణం తీర్చుకోలేని బావమరిది

తా.క. ఇన్నాళ్ళూ మీకు నా మీద కోపమనుకున్నాను. చెత్తసంచుల గురించి మీరు రాసిన ఓదార్పు చూసి కళ్ళు చెమర్చాయి.

---

ప్రయోగశాల అధిపతి గారికి,

బంధుత్వం పక్కన పెట్టి, బాధ్యతగల పౌరుడిగా రాస్తున్నాను.

ఈ రోజు పన్నెండో రోజు. ముప్పై ఒకటిలో మచ్చ లేదు. ముప్పై రెండులోనూ లేదు. బ్రెడ్డు ముక్కలు రెండూ ఇప్పుడే కోసినట్టు మెత్తగా, తెల్లగా నా వంక చూస్తున్నాయి.

ముప్పై రెండు అద్దంలా ఉంది కాబట్టి అది నీ మందు సంచి. దానికి పట్టలేదంటే సరే. ముప్పై ఒకటికి ఎందుకు పట్టలేదు? అది ఉత్తది! దీనికి ఒకటే సమాధానం. నీ మందు సంచి దాటింది. పక్క సంచిలోకి దూకింది. పక్క సంచిలోకి దూకినది అరలోంచి గదిలోకి దూకదా? గదిలోంచి మనిషిలోకి దూకదా?

నా ఒంట్లో మార్పులు రాస్తున్నాను, భద్రపరచు. వారం రోజులుగా ఆకలి మందగించింది. రోజూ పదకొండు గంటలకి నాలుగు తుమ్ములు తుమ్మేవాణ్ణి, ముప్పై ఏళ్ళ అలవాటు. మొన్నటి నుంచి రెండే వస్తున్నాయి. మీ అక్క మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు తిరుగుతోంది. "విషం మన ఊపిరితిత్తుల్లోకి వెళుతోందే" అంటే, "వెళ్ళేదేదో కాళ్ళు తుడుచుకుని వెళ్ళమనండి, ఇప్పుడే గది తుడిచాను" అంటుంది. మందు ఆమె తలకెక్కిందని నా అనుమానం.

ఆరోగ్యశాఖకి ఒక ఉత్తరం, పత్రికకి ఒక ఉత్తరం రాసి పెట్టాను. పత్రికకి రాసింది పదకొండు పేజీలు వచ్చింది. నీ జవాబు కోసం నాలుగు రోజులు ఆగుతాను.

ఇట్లు,
ముప్పయ్యో ఇల్లు

తా.క. పిండి డబ్బాలో పురుగు కూడా లేదు. జల్లించాను కాబట్టి లేదని మీ అక్క అంటుంది. ఇలాగే ప్రజల్ని మభ్యపెడతారు.

---

బావగారికి నమస్కారాలు.

మీకు దణ్ణం పెడతాను, ఆ ఉత్తరాలు పోస్టు చేయకండి.

ఆ పదార్థం ఎక్కడికీ దూకదు. దాన్ని పొర మీద నిలబెట్టడానికే నా జుట్టు నెరిసింది, అది దూకడమా! ఉత్త సంచిలో ముక్కకి పన్నెండు రోజులు బూజు పట్టకపోవడం అనేది జరగదు. మా సంచిలో కూడా జరగదు. జరిగిందంటే ఎవరో ముక్కలు మారుస్తున్నారు. ఇంట్లో ఉన్నది ఇద్దరు. అక్క ఇలాంటి పని చేయదు.

బావగారూ, మీ మనసు నాకు తెలుసు. మొదటి విడతలో కూడా మీరే సాయం పట్టారు కదా? బావమరిది పాపం చెత్తసంచుల పాలవుతాడని జాలిపడి, ముక్కలు మార్చి ఉంటారు. మీ ప్రేమకి కృతజ్ఞుణ్ణి. కాని అబద్ధపు ఫలితం మీద సంతకం నాకొద్దు. ఇరవై ఐదున ఆవిడ వస్తుంది, ఒక్క చూపులో పట్టేస్తుంది. మిగతా ఇరవై తొమ్మిది ఇళ్ళ నిజం కూడా దీంతో పోతుంది.

ఇంకొక మాట. అట్ట సంగతి ఇరవై రెండేళ్ళు మోశారని నాకు తెలియదు. చుట్టే సరుకు తయారుచేసేవాణ్ణి. మా పనిలో "పైది బాగుంది" అనడాన్ని మించిన మెప్పు లేదు. లోపలిది రెండుసార్లు చదివాను, అర్థం కాలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి అట్టతో సరిపెట్టాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. రెండో వ్యాసంలో గ్రీకువాళ్ళు ఎందుకొచ్చారో ఇప్పటికైనా చెప్పండి.

---

ఓయ్ బావమరిదీ,

ఆశీస్సుల్లేవు.

నేను నీకు సాయం పట్టానా? నీ మీద జాలిపడ్డానా? అరవై తొమ్మిదేళ్ళ బతుకులో నా మీద ఇంత నింద ఎవరూ వేయలేదు. దీన్ని తుడుచుకోవడానికి నిజం చెప్పక తప్పేట్టు లేదు. విను.

మూడు వందల కాపీల్లో ముప్పై ఆరు పంచాను. మిగిలిన రెండు వందల అరవై నాలుగూ మంచం కింద రేకుపెట్టెల్లో ఉన్నాయి. వానల్లో చెమ్మ చేరి వాటికి బూజు పట్టింది. నా పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా విడవకుండా చదివింది ఆ బూజు ఒక్కటే. రోజూ పది గంటలకి మీ అక్క బజారుకి వెళ్ళగానే, ఒక రంగుల కుంచెతో ఆ పేజీల మీది బూజు దులిపి, నీ సంచి తెరిచి, ముక్క మీద చల్లి, మళ్ళీ క్లిప్పు పెట్టాను. మొదటి విడతలో ఏడు నీదనుకుని ఏడులో చల్లాను. ఎనిమిదిని గాలి తగిలేలా కిటికీ పక్క చల్లటి చోట పెట్టి పసిపిల్లలా సాకాను. నిన్ను ముంచుదామని చేసింది నిన్ను తేల్చింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

రెండో విడతలో ముప్పై రెండు మీద పడ్డాను. ముందు కొంచెం. తరవాత కుంచె నిండా. పదో రోజున గ్రీకువాళ్ళ వ్యాసం మీది బూజు వేశాను, అన్నిటికంటే దట్టంగా పట్టింది దానికే. ఏం లాభం? ఈ రోజు చల్లింది మర్నాటికి ఉండదు! తుడిచిపెట్టినట్టు పోతుంది! రెండు వందల అరవై నాలుగు పుస్తకాలని తిన్న బూజుని నీ వెంట్రుకవాసి పొర మింగేస్తోంది. అందుకే అది మనుషుల్ని కూడా మింగుతుందని భయపడ్డాను. నిజంగానే భయపడ్డాను, ఆ పదకొండు పేజీలూ భయంతోనే రాశాను.

ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది. ముక్కలు ఎవరూ మార్చలేదు. నీ పొర నువ్వనుకున్నదానికంటే గొప్పది, నీకే తెలియదు. నేను అన్ని విధాలా పోరాడాను. ఓడిపోయాను.

ఆవిడ వచ్చినప్పుడు నేను ఎదుట పడను. మోకాలు సాకు పెట్టి లోపలి గదిలో ఉంటాను. ఈ ఉత్తరమే నా ఒప్పుకోలు, ఆవిడకి చూపించుకో.

ఇట్లు,
మీ అక్క మొగుడు

తా.క. ఈ ఉత్తరం కోసం మూడు కాగితాలు చింపాను. మొదటి రెండిట్లో "ఓడిపోయాను" అని రాయబోతే "నెగ్గాను" అని పడింది.

---

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

మీ బావ రాసిన ఉత్తరం ఈ కవరులోనే పెడుతున్నాను. పోస్టు చేయమని ఇస్తే చదివాను. ఆయన ఉత్తరాలు పాతికేళ్ళుగా చదివే పోస్టు చేస్తున్నాను. కొన్ని చేయను. లేకపోతే మనకి ఇంకా చుట్టాలు మిగిలేవాళ్ళా? ఆరోగ్యశాఖకీ, పత్రికకీ రాసినవి నా బీరువాలో ఉన్నాయి, కంగారుపడకు.

ముక్కలు మార్చింది నేను.

మొదటి విడతలో ఆ నల్లబడ్డ ముక్క నా పిండి డబ్బాకి జానెడు దూరంలో నాలుగు రోజులు కూర్చుంది. తొమ్మిది రోజుల పరీక్ష కదా అని ఓర్చుకున్నాను. రెండో విడత సంచులు వచ్చాక మాత్రం నా వల్ల కాలేదు. మధ్యాహ్నం ఆయన కునుకు తీయగానే చూస్తే ముప్పై రెండులో బూడిదరంగు పొడి. రోజూ అంతే. రోజూ ఆ ముక్క పారేసి, సంచిలోపల తడిబట్టతో తుడిచి, ఆరబెట్టి, కొత్త ముక్క పెట్టాను. ముప్పై ఒకటిలో ఐదో రోజు మచ్చ కనబడితే అదీ మార్చాను. తెరవకూడదని నువ్వు రాసింది మీ బావకి. నాకేం రాయలేదు. అసలు నాకు ఉత్తరం రాసి ఎన్నాళ్ళయిందో లెక్క చూసుకో.

ఈ రోజు పొద్దున ఆవిడ వచ్చింది. చిన్న మనిషి, పెద్ద సంచీ. మీ బావ మోకాలు పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వంటింట్లో ఆవిడని కూర్చోబెట్టి, ఆయన చల్లిందీ నేను తుడిచిందీ అంతా చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు. పట్టిక తీసి, మన ఇంటి వరస మీద అడ్డంగా గీత కొట్టేసింది. ఆరేళ్ళ నీ పనిని ఒక తడిబట్టతో తుడిచేశానేమో అనిపించింది.

"మిగతా ఇళ్ళ మాటేమిటమ్మా?" అని అడిగాను.

"రెండు రోజులు ఎక్కువ నిలిచింది" అంది.

"రెండంటే తక్కువా?"

"మా బండి దూరపు దుకాణాలకి చేరేసరికి రెండు రోజులు పడుతుంది. మాకు కావలసింది ఆ రెండు రోజులే. అసలు నేను ఎప్పుడో సంతకం పెట్టేదాన్ని. మీ వరస చూసి ఆగిపోయాను. ఇంత బాగా పనిచేసిందంటే ఎక్కడో మోసం ఉంది, అది మీ తమ్ముడు చేశాడా ఇంకెవరైనానా అని తేల్చుకోవడానికి వచ్చాను."

"తేలిందా?"

"తేలింది. ఆయన కాదు" అని, నా వంటింటి బల్ల మీదే సంతకం పెట్టింది. ఇరవై తొమ్మిది ఇళ్ళ కింద. మీ గది మీకే మిగిలింది, అమ్మాయిలకి చెప్పు. ఆ కాగితం ఆవిడే నీకు పంపిస్తానంది.

ఈ సంగతులేవీ మీ బావకి తెలియవు. ఆవిడ వెళ్ళాక తలుపు తీసుకుని వచ్చి, "సంతకం పెట్టిందా?" అన్నాడు. పెట్టిందన్నాను. "పెట్టక చస్తుందా, అలాంటి పొర" అన్నాడు. పెళ్ళయిన నలభై ఒక్కేళ్ళలో ఆయన ఓడిపోయానని ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. మనిషి ఎంత తేలికపడ్డాడో చూడాలి నువ్వు. తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించాడు. పక్కింటాయన వచ్చి వాతావరణం గురించి ఏదో తప్పు చెబితే దిద్దలేదు. ఇందాక వంటింటి గుమ్మంలో నిలబడి, "నీకేమైనా పనుంటే చెప్పు" అన్నాడు. నాకు ఒక్క క్షణం ఎవరితో అంటున్నాడో తెలియక వెనక్కి తిరిగి చూశాను.

అందుకని నువ్వు ఆయనకి ఏమీ చెప్పకు.

ఇట్లు,
మీ అక్క

తా.క. ఆయనకి జవాబు రాయి. గెలిచినవాడిలాగే రాయి, కాని మరీ పొగరుగా వద్దు. కోపమొస్తే మళ్ళీ మామూలైపోతాడు.